మూడేళ్లు గ్రౌండులోనే గడిచిపోయాయి. బొమ్మల పనిలోకి వెళ్దామంటే అవి దేనికైనా పనికొస్తాయా?

నెల్లిమర్ల_400:

అందరికీ నమస్కారం. మాది నెల్లిమర్ల దగ్గర పల్లె. విజయనగరంలో డిగ్రీ చివరి ఏడాది చదువుతున్నాను. నా ఈవెంట్ 400 మీటర్ల హర్డిల్స్. ఇంటర్ కాలేజియేట్ మీట్‌కి రెండుసార్లు వెళ్లాను. మొదటిసారి నాలుగో స్థానం. రెండోసారి ఎనిమిదో హర్డిల్ తన్నుకుని పడ్డాను. పతకాలంటూ ఏమీ లేవు.

బొమ్మలు చిన్నప్పటి నుంచీ గీస్తాను. మా క్లాసులో సగం మంది బోటనీ రికార్డుల్లో బొమ్మలు నేనే వేసిపెట్టాను. రికార్డుకి యాభై రూపాయలు. స్పైక్స్ (మేకులుండే పరుగు బూట్లు) కొన్నది ఆ డబ్బుతోనే.

సంగతేంటంటే, హైదరాబాద్‌లో ఒక యానిమేషన్ స్టూడియో వాళ్లు స్టోరీబోర్డ్ (సీనుని ముందే వరస బొమ్మలుగా వేసే పని) ట్రైనీలని తీసుకుంటున్నారు. ఫారంలో "కాలేజీ రోజుల్లో మీరు చేసిన క్రియేటివ్ పనులు రాయండి" అని ఒక గడి ఉంది. రెండు రోజులుగా అది ఖాళీగానే ఉంది. నాతోపాటు అప్లై చేస్తున్నవాళ్లు ఫైన్ ఆర్ట్స్ చదివినవాళ్లు, షార్ట్ ఫిలిమ్‌లు తీసినవాళ్లు. వాళ్లు అవి చేస్తున్న టైములో నేను పొద్దున్నే ఐదున్నరకి లేచి హర్డిల్స్ మోసుకెళ్లి లైనులో పెట్టుకుంటున్నాను.

ఇంట్లోవాళ్లకి ఈ గొడవ అర్థం కాదు. మా పక్కనే కొండవెలగాడ ఉంది. వెయిట్‌లిఫ్టర్ల ఊరు. 2014లో గ్లాస్గో కామన్వెల్త్ క్రీడల్లో పతకం తెచ్చిన మత్స సంతోషి గారిది ఆ ఊరే. అందుకని మా వైపు లెక్క చాలా తేలిక: ఆట ఆడితే పతకం రావాలి, పతకం వస్తే ఉద్యోగం రావాలి. పతకం రాకపోతే కానిస్టేబుల్ పరీక్ష, ఎలాగూ పరిగెత్తడం వచ్చు కదా అని. నాన్న జూటు మిల్లులో చేసి చేసి అలిసిపోయారు, ఆయన్ని తప్పు పట్టను.

నా ప్రశ్న ఒక్కటే. ఆ గడిలో హర్డిల్స్ గురించి రాయొచ్చా? రాస్తే నవ్వుతారా?

పీడీ_మాస్టారు:

అమ్మా, ముప్పై ఏళ్లు కాలేజీలో ఆటలు నేర్పే పీడీగా చేసి రిటైరయ్యాను. ముందు కానిస్టేబుల్ ఫారం కూడా నింపి పెట్టు. వయసు దాటితే అది మళ్లీ రాదు, బొమ్మలు ఎప్పుడైనా గీసుకోవచ్చు. ఈ మాట నీకు నచ్చదని తెలుసు.

ఇక నీ ప్రశ్నకి వస్తే, కోడి రామమూర్తి నాయుడు గారి పేరు వినే ఉంటావు. శ్రీకాకుళం స్టేడియానికి ఆయన పేరే పెట్టారు. వీరఘట్టంలో పుట్టి విజయనగరంలో వ్యాయామ ఉపాధ్యాయుడిగా చేశారు, అంటే మా బాపతే. ఆ తరవాత సర్కస్ కంపెనీ పెట్టారు. గొలుసులు తెంచే బలం ఒక్కటే ఉంటే డేరా నిండదమ్మా. ఎప్పుడు ఊపిరి బిగబట్టాలి, జనాన్ని ఎంతసేపు ఆపాలి, ఎప్పుడు ఫట్‌మని తెంచాలి అన్నది తెలియాలి. అది ఆటో కళో నువ్వే చెప్పు.

కానీ ఫారం మాత్రం నింపు.

బోర్డు_దాటలేదు:

చెల్లీ, ఆ గడి ఖాళీగా వదలకు.

మాది ఆమదాలవలస వైపు. 2004 నుంచి 2007 దాకా శ్రీకాకుళంలో బీకాం చదివాను. చదివాను అంటే పరీక్షలు రాశాను, మిగతా టైమంతా ట్రిపుల్ జంప్. తరవాత ఐదేళ్లు ఒక ఫ్లెక్సీ షాపులో డిజైన్లు చేశాను. పుట్టినరోజు శుభాకాంక్షలు, వర్ధంతి, మళ్లీ పుట్టినరోజు శుభాకాంక్షలు, కొన్నిసార్లు అదే ఫొటోతో. పన్నెండేళ్లుగా హైదరాబాద్‌లో స్టోరీబోర్డులు వేస్తున్నాను. ట్రైనీల ఫారాలు నా టేబుల్ మీదకి కూడా వస్తాయి కాబట్టి ఇది ఊరికే ధైర్యం చెప్పడం కాదు.

ముందు ఒక మాట. "క్రీడల వల్ల క్రమశిక్షణ, టీమ్ స్పిరిట్ అలవడ్డాయి" అని మాత్రం రాయకు. వందలో తొంభై మంది అదే రాస్తారు, క్రికెట్ టీవీలో చూసినవాళ్లతో సహా. నా విషయంలో అది నిజం కూడా కాదు. నా అంత బద్ధకస్తురాలు మా బ్యాచ్‌లో లేదు. ప్రాక్టీసుకి వెళ్లింది పీడీ సార్ మా ఇంటి ముందు సైకిల్ బెల్లు కొట్టి పరువు తీస్తారన్న భయంతో.

గ్రౌండులో నాకు దొరికింది వేరే. స్టూడియోలో చేరిన కొత్తలో ఒక షాట్ ఇచ్చారు. కోతిపిల్ల కాలవ దాటాలి, మధ్యలో ఒక రాయి మీద కాలు పెట్టి. అక్కడ బోర్డులు వేసినవాళ్లమే వాటిని వరసగా కదిలించి టైమింగ్ కూడా చూపించాలి. నా పక్క కుర్రాడు ఫైన్ ఆర్ట్స్‌లో గోల్డ్ మెడలిస్ట్. గీత చూస్తే కళ్లకద్దుకోవాలి, అంత బాగుంటుంది. కానీ వాడి కోతి రాయి మీద ఎనిమిది ఫ్రేములు నిలబడింది. సెకనుకి 24 ఫ్రేములు, అంటే సెకనులో మూడో వంతు. బురదలో దిగబడ్డట్టుంది. సూపర్‌వైజర్ "బరువు రాలేదు, బరువు రాలేదు" అంటున్నారు, ఎందుకు రాలేదో ఆయనకీ అందడం లేదు.

మూడు ఫ్రేములు చాలన్నాను. మార్చి చూస్తే కోతి గెంతింది.

నేనేం గొప్పదాన్ని కాదు. ట్రిపుల్ జంప్‌లో కాలు నేల మీద ఉండేది సెకనులో ఆరో వంతో ఏడో వంతో, అంతే. ఆ కాస్తలోనే మొత్తం బరువు మోకాలి మీద పడుతుంది, అందులోంచే మళ్లీ పైకి లేవాలి. మూడేళ్లు రోజుకి పాతిక ముప్పైసార్లు అది నా మోకాలికి తెలిసింది, ఆ రోజు నోటికి వచ్చింది. ఇంకోటి కూడా ఉంది. లాంగ్ జంప్ వాళ్లకి బోర్డుకి (గెంతే చోట నేలలో ఉండే చెక్క) ముందరి అడుగు కాస్త పొడుగు పడుతుంది, నడుం కాస్త కిందకి దిగుతుంది, అప్పుడే పైకి లేస్తారు. ట్రిపుల్ జంప్‌లో అంత దిగకూడదు, వేగం పోతుంది. ఈ తేడా తెలిసినవాళ్లు గీస్తే ఒకే పాత్ర భయపడి గెంతడం వేరుగా, సరదాకి గెంతడం వేరుగా వస్తుంది. రిఫరెన్స్ వీడియో చూసి ఎవరైనా గీస్తారు. వీడియోలో ఏది ముఖ్యమో ఒంటికి తెలిసినవాళ్లు తక్కువ.

నీకు రన్ అప్ ఎలా కొలుస్తారో తెలిసే ఉంటుంది, మిగతావాళ్ల కోసం చెప్తాను. ఎక్కడి నుంచి పరిగెత్తడం మొదలుపెట్టాలో తెలియాలంటే ముందు బోర్డు మీద నిలబడి వెనక్కి పరిగెత్తాలి. పద్దెనిమిదో అడుగు ఎక్కడ పడిందో అక్కడ చెప్పు పెట్టి గుర్తు పెట్టుకుంటాం. వెనక గాలి ఉంటే గుర్తు కాస్త వెనక్కి జరపాలి, ఎదురుగాలి అయితే ముందుకి. నేను ఇవాళ్టికీ సీను చివరి బొమ్మ నుంచి వెనక్కి వేసుకుంటూ వస్తాను. దీన్ని నేనేదో కొత్తగా కనిపెట్టానని మా టీమ్‌లో కొందరు అనుకుంటారు. అనుకోనీ.

ఇక స్టెప్. దీని గురించి ఎంత చెప్పినా నాకు తనివి తీరదు. ట్రిపుల్ జంప్‌లో మొదటిది హాప్, ఏ కాలితో లేచామో ఆ కాలి మీదే దిగాలి. రెండోది స్టెప్, రెండో కాలి మీద దిగాలి. మూడోది జంప్, ఇసుకలోకి. కొత్తవాళ్లందరూ హాప్‌లో ఆశపడతారు. ఎత్తుగా లేస్తారు, చూసేవాళ్లు ఓహో అంటారు, దిగేటప్పటికి ఆ బరువు ఆపలేక కాలు కూలిపోతుంది. స్టెప్ ఉత్త అడుగైపోతుంది. ఇక మూడోదానికి ఏం మిగలదు. మా పీడీ సార్ స్టెప్ పడాల్సిన చోట సున్నంతో గీత గీసి పక్కన కుర్చీ వేసుకుని కూర్చునేవారు. "మజ్జిది చూసుకోవే, ఆఖరిది దాని తిప్పలు అది పడతాది" అనేవారు. ఏడాది పాటు నా చేత ఆ మధ్యదే చేయించారు. విసుగొచ్చి ఏడ్చాను కూడా.

పిల్లల సీరియల్‌లో ఎపిసోడ్ పదకొండు నిమిషాలు ఉంటుంది. కొత్తవాళ్లు తెచ్చే బోర్డుల్లో మొదటి రెండు నిమిషాలు అదిరిపోతాయి. ఆఖర్న ఒక మంచి జోకు ఉంటుంది. మధ్యలో పాత్రలు నిలబడి మాట్లాడుకుంటుంటాయి. నేను మార్జిన్‌లో "స్టెప్ లేదు" అని రాస్తాను. మొదట్లో ఎవరికీ అర్థం కాలేదు, ఇప్పుడు మా ఫ్లోర్‌లో అందరూ ఆ మాటే వాడుతున్నారు.

అన్నిటికంటే పనికొచ్చింది ఆరు జంపులు. పోటీలో అందరికీ మూడు ఛాన్సులు, ముందున్న ఎనిమిది మందికి ఇంకో మూడు. ర్యాంకు మాత్రం ఒక్క బెస్ట్ జంప్‌ని బట్టే. మొదటి మూడింటిలో ఒకటి నిలిచి ఆ ఎనిమిది మందిలో ఉంటే, మిగతా నాలుగుసార్లు ఫౌల్ అని ఎర్రజెండా లేచినా ఆరోది బాగా పడితే చాలు. 2022 బర్మింగ్‌హామ్ కామన్వెల్త్ క్రీడల్లో ఎల్దోస్ పాల్ 17.03 మీటర్లు, అబ్దుల్లా అబూబకర్ 17.02. ఇద్దరూ మనవాళ్లే. ఒక్క సెంటీమీటరుతో ఒకరికి స్వర్ణం, ఒకరికి రజతం. వాళ్ల మిగతా జంపులు ఎవరికి గుర్తున్నాయి?

నేను ప్రతి ముఖ్యమైన సీనుకీ చిన్న చిన్న బొమ్మలతో ఆరు రకాలు వేస్తాను. డైరెక్టర్ ఐదు పక్కన పడేస్తారు. పక్కవాళ్లు ఒక్కటి వేసి, అది కాదంటే రెండు రోజులు అన్నం మానేస్తారు. నాకు అది ఫౌల్, అంతే. ఇసుక సరిచేసి వరసలో నిలబడటమే.

దీనికి ఇంకో వైపు కూడా ఉంది. కరణం మల్లీశ్వరి గారిది ఊసవానిపేట, మా ఊరికి కూతవేటు. 2000లో సిడ్నీ ఒలింపిక్స్‌లో వెయిట్‌లిఫ్టింగ్‌లో ఆమెకి కాంస్యం వచ్చినప్పుడు నేను తొమ్మిదో తరగతి. ఒలింపిక్ పతకం తెచ్చిన మొదటి భారతీయ మహిళ, మొత్తం 240 కిలోలు. ఆఖరి ప్రయత్నంలో స్వర్ణం కోసం 137.5 కిలోలు ఎత్తబోయారు, అది నిలవలేదు. మా టీ కొట్టు దగ్గర నెల రోజులు అదే వాదన. తక్కువ బరువు పెట్టుకోవాల్సిందని కొందరు, ఒలింపిక్స్‌కి వెళ్లి స్వర్ణానికి ఆశపడకపోతే ఎలా అని కొందరు. మా నాన్న రెండో జట్టు. నేనూ అంతే. ఆరింటిలో ఒక్కటైనా నేను మోయగలనో లేదో నాకే తెలియనిది వేస్తాను. ఎక్కువసార్లు ఛీ అనిపించుకుంటుంది.

ఇప్పుడు గ్రౌండు చేసిన చెరుపు కూడా చెప్పాలి, లేకపోతే అబద్ధమవుతుంది. టేపు. ఇసుకలో పడ్డాక వెనక్కి ఆనిన చెయ్యి గుర్తు నుంచి కూడా కొలిచేస్తారు, అన్యాయంగా అనిపిస్తుంది కానీ అంకె అంకే. నా బెస్ట్ 11.62 మీటర్లు. అది 11.62 అని ప్రపంచంలో ఎవరూ కాదనలేరు. బొమ్మల్లోకి వచ్చాక టేపు లేదు. ఒకరు అద్భుతం అన్నదాన్ని ఇంకొకరు పిల్లచేష్ట అంటారు. మొదటి రెండేళ్లు నాకు పిచ్చెక్కింది. నిన్నటికంటే ఇవాళ ముందుకెళ్లానో లేదో తెలియకపోతే నాకు నిద్ర పట్టదు, అదొక రోగం, గ్రౌండు అంటించిందే. రోజుకి ఎన్ని ప్యానెళ్లు (స్టోరీబోర్డులో ఒక్కో బొమ్మ గడి) వేశానో లెక్క రాసుకుని అదే కొలత అనుకున్నాను. ఎక్కువ వేశాను, చెత్త వేశాను. ఇంకోటి, ఎవరో ఈల వేస్తేగానీ మొదలుపెట్టలేకపోవడం. సైకిల్ బెల్లు కొట్టే సార్ హైదరాబాద్‌లో ఉండరు కదా.

ఫారం సంగతి. నీ ప్రాక్టీసు డైరీ ఉందా? ఉంటే ఒక పేజీ ఫొటో తీసి పెట్టు. నీ రేసుని బొమ్మల్లో వెయ్యి, పడిపోయిన రేసే. పది హర్డిళ్లు, పన్నెండు ప్యానెళ్లు. రికార్డు బొమ్మల వ్యాపారం గురించి కూడా రాయి, అది చదివి నేను ఇక్కడ ఒక్కదాన్నే నవ్వుకున్నాను.

విజయనగరం_వయొలిన్:

అక్క చెప్పింది బాగుంది కానీ నాది కొంచెం వేరే అనుభవం. ఇక్కడ సంగీత కళాశాలలో వయొలిన్ నేర్చుకున్నాను. ఆదిభట్ల నారాయణదాసు గారు మొదటి ప్రిన్సిపాల్‌గా చేసిన కాలేజీ అది, 1919 నాటిది. సందులో నడుస్తుంటే ఏదో ఒక గదిలోంచి సరళీ స్వరాలు వినిపిస్తూనే ఉంటాయి. అక్కడ చేరకముందు డిగ్రీలో నేను కబడ్డీ ఆడేవాణ్ని. ఒక మీట్‌లో ఎడమచేతి ఉంగరపు వేలు విరిగింది. సరిగ్గా అతకలేదు. వయొలిన్ తీగల మీద ఆడాల్సింది ఆ చెయ్యే. ఏడాది పోయింది. ఇప్పటికీ గమకం పట్టేటప్పుడు ఆ వేలు నా మాట వినదు.

కాబట్టి ఆట కళకి పునాది అని ఊరికే అనేయకండి. ఒక్కోసారి చెయ్యినే తీసుకుపోతుంది. ఆట పూర్తిగా వృథా అని కూడా అనను. హరికథ చెప్పేవాళ్లని చూడండి, గజ్జె కట్టి గంటల తరబడి పాడుతూ, ఆడుతూ, మధ్యలో పిట్టకథ చెప్పి నవ్విస్తారు. ఆ ఊపిరి కూర్చున్నవాళ్లకి రాదు. మా గురువుగారు నేను కబడ్డీ ఆడేవాణ్నని తెలిసి "కూత పెట్టేవాడివా, అయితే ఊపిరి ఉంటుంది, ముందు పాడటం నేర్చుకో" అన్నారు. అది మాత్రం పనికొచ్చింది.

చెల్లాయ్, నీకు నా సలహా ఒకటే. చేతులు జాగ్రత్త. పడేటప్పుడు అరచెయ్యి ఆనించే అలవాటుంటే మానుకో.

నెల్లిమర్ల_400:

అందరికీ థాంక్స్. మాస్టారూ, కానిస్టేబుల్ ఫారం వచ్చినప్పుడు అది కూడా నింపుతాను, నాన్నకి మాటిచ్చాను. వయొలిన్ అన్నా, ఆరోజు నేను పడింది అరచేతుల మీదే, గీరుకుపోయి వారం పెన్సిల్ పట్టుకోలేకపోయాను. భయం వేసింది.

అక్కా, నిన్న రాత్రి కూర్చుని వేశాను. పన్నెండు కాదు, పందొమ్మిది ప్యానెళ్లు అయ్యాయి. వేస్తుంటే ఒకటి తెలిసింది. హర్డిల్‌కీ హర్డిల్‌కీ మధ్య 35 మీటర్లు. నేను 17 అడుగులు వేసి వస్తాను. బేసి సంఖ్య కాబట్టి ప్రతిసారీ ఎడమ కాలే ముందుకి లేస్తుంది. ఆరో హర్డిల్ దాకా లెక్క తప్పదు. ఏడో దానికి కాళ్లు బరువెక్కి 18 అవుతాయి, అంటే కుడికాలుతో దాటాలి. నాకు కుడికాలు రాదు. అందుకని చివర్లో చిన్న చిన్న అడుగులు రెండు ఇరికించి 19 చేసి ఎలాగో ఎడమకే తెచ్చుకుంటాను. వేగం అక్కడే చస్తుంది. నేను పడింది ఎనిమిదో దగ్గరే అయినా పాడైంది ఏడో దగ్గర. పడిన ఏడాది తరవాత, బొమ్మ వేస్తుంటే తెలిసింది నాకు.

ఒక డౌటు. ఆ ఇరికించిన రెండు అడుగులు ఎంతసేపు చూపించాలి? ఎక్కువ చూపిస్తే స్లో మోషన్‌లా ఉంది, తక్కువైతే ఎవరికీ తెలియడం లేదు.

బోర్డు_దాటలేదు:

కాళ్లని అక్కడ చూపించకు. అంతకుముందు ఆరు హర్డిళ్లూ ఒకే సైజు ప్యానెల్, ఒకే కోణం, ఎడమ కాలు, ఎడమ కాలు, ఎడమ కాలు. చూసేవాళ్లకి అది అలవాటవ్వాలి. ఏడో దాని ముందు నీ మొహం వెయ్యి, లెక్క తప్పిందని తెలిసిన క్షణం. కళ్లు కిందకి, హర్డిల్ కింది భాగం వైపు చూస్తాయి కదా? ముందు ఆరింటిలో కళ్లు పైన కడ్డీ మీదే ఉండాలి. ఆ తేడా ఒక్కటి చాలు. తరవాత వెంటనే నేల దగ్గర నుంచి ఒక్క ప్యానెల్, రెండు అడుగులూ అందులోనే.

పందొమ్మిదిలో ఏడు తీసేయొచ్చు అనుకుంటున్నాను. పడ్డాక నువ్వు లేచి మిగతా రెండు హర్డిళ్లూ దాటావా, పక్కకి వచ్చేశావా? అది రాయలేదు నువ్వు.

నెల్లిమర్ల_400:

దాటానక్కా. ఆఖర్న వచ్చాను. తొమ్మిదోది కుడికాలుతో.